సెలవులో సెలవు

“ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి వెళ్ళినదానివి. మళ్ళీ దాంట్లో సెలవులేమిటే?” అని అమ్మ ఫోన్లో నిలదీసింది. పలాసలో కూర్చుని చూస్తే ఆ మాటలో న్యాయం ఉంది. జీతం లేకుండా మలావీలో లెక్కలు చెప్పడానికి పోయిన మనిషి క్రిస్మస్‌కి సముద్రం చూడ్డానికి వెళ్తానంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మేం వాలంటీర్లం కూడా సెలవుల సంగతి కాస్త గొంతు తగ్గించే మాట్లాడుకునేవాళ్ళం.

మలావీ సరస్సు దక్షిణపు కొసన ఉన్న మంగోచి జిల్లాలో, ఒక కమ్యూనిటీ డే సెకండరీ స్కూల్లో నా పని. ఉండటానికి రెండు గదుల ఇల్లు, నెలనెలా క్వాచాల్లో కొంత భత్యం. ఊరందరికీ నేను ‘మేడమ్’ని. బోరింగు దగ్గర బిందె పెడితే పిల్లలు లాక్కుని కొట్టి ఇచ్చేవారు. మినీబస్సులో ముందు సీటు నాకే. సంతలో టమాటాలు కొంటే కుప్ప మీద ఇంకో రెండు పడేవి. మర్యాద ఎవరికి చేదు? కానీ సాయంత్రం ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చున్నా ఎవరో ఒక పిల్ల నోట్‌బుక్కు పట్టుకుని వచ్చి పక్కన నిలబడేది. నాకు కావలసింది విశ్రాంతి కాదు. కొన్నాళ్ళు ఎవరికీ మేడమ్‌ని కాకుండా ఉండటం.

అక్కడ పనిచేసే విదేశీయులు మామూలుగా సెలవులకి జాంజిబార్‌కో విక్టోరియా జలపాతానికో పోతారు. రెండూ డాలర్ల వ్యవహారాలు. అది 2023. ఆ నవంబరులోనే మలావీ రిజర్వు బ్యాంకు క్వాచా విలువ తగ్గించింది. అంతదాకా 1,180 క్వాచాలున్న డాలరు ఒక్కసారిగా 1,700 అయి కూర్చుంది. తోటి మేష్టర్ల జీతంలో అంకె మారలేదు, దానితో వచ్చే సబ్బులూ నూనే మాత్రం తగ్గిపోయాయి. ఆ స్టాఫ్‌రూములో జాంజిబార్ పేరెత్తడానికి నాకు నోరు రాలేదు. మ్యాపు చూస్తే మంగోచికి తూర్పున, కొండలు దాటగానే మొజాంబిక్. అక్కణ్ణుంచి ఒక రైలు, రైలు దిగి ఇంకా తూర్పుకి పోతే హిందూ మహాసముద్రంలో ఒక చిన్న దీవి. దాని పేరే మొజాంబిక్ దీవి. దేశానికి పేరు ఇచ్చింది ఆ దీవే. వీసాలు బ్లాంటైర్‌లో తీసుకుని ఇద్దరం బయల్దేరాం. రెండో మనిషి జిల్లా ఆసుపత్రిలో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సు. అక్కడ నడిచే పోర్చుగీసు ఇద్దరికీ రాదు. అయితే ఫిలిప్పీన్స్ వాళ్ళు బజారులో ధరలకి స్పానిష్ అంకెలే వాడతారట. సింకో, దియెస్, బెయింతె అని ఆమె అంటే మొజాంబిక్ వాళ్ళు సింకు, దెజ్, వింత్ అనే అర్థం చేసుకున్నారు. దారి పొడుగునా బేరాలన్నీ ఆమెవే, సంచి మోత నాది.

చిపోండే దగ్గర మలావీ ముద్ర కొట్టించుకున్నాక మందింబాలో మొజాంబిక్ ముద్ర పడేదాకా మధ్యలో ఏడు కిలోమీటర్లదాకా ఉంటుంది. ఆ దూరాన్ని సైకిలు వెనక క్యారియర్ మీద కూర్చుని దాటాలి. మెత్త వేసిన క్యారియర్లు, బెల్లు కొట్టుకుంటూ పోయే కుర్రాళ్ళు. నా సైకిలబ్బాయి అటూ ఇటూ యావో భాషే మాట్లాడాడు. అటు మేనమామలు, ఇటు అన్నదమ్ములు. ఇంగ్లీషువాళ్ళూ పోర్చుగీసువాళ్ళూ గీత గీసేటప్పుడు వీళ్ళని అడిగారా ఏమన్నా! మందింబాలో మొదట తెలిసిన తేడా రొట్టె. ఒకప్పుడు ఇంగ్లీషు పాలనలో ఉన్న మలావీలో ముక్కలు కోసిన మెత్తటి బ్రెడ్డు దొరుకుతుంది. గీత దాటగానే పైన పెళుసుగా, లోపల గుల్లగా, కట్టెల పొయ్యిలో కాలిన చిన్న రొట్టెలు. బుట్టలో గుడ్డ కప్పి అమ్ముతున్నారు. అక్కడే నిలబడి మూడు తిన్నాను, పక్కన ఏమీ లేకుండా.

రైలు ఎక్కే ఊరు క్వాంబాలో ఒక రాత్రి. రైలు తెల్లవారుజామున, కోడి కూయకముందే. టిక్కెట్టు ముందురోజు సాయంత్రమే కొనుక్కోవాలి. నంపులా దాకా 340 కిలోమీటర్లు, దాదాపు పగలంతా ప్రయాణం. నేను ఎక్కిన రైళ్ళలో ఇంత పనిచేసే రైలు ఇంకొకటి లేదు. నిజానికి అది రైలు కాదు, నడిచే రైతుబజారు. ప్రతి స్టేషన్లో ఆగీ ఆగకముందే కిటికీల కింద తలల మీద బుట్టలు లేస్తాయి. డిసెంబరు కాబట్టి ఎటు చూసినా మామిడి. మాలెమా వచ్చేసరికి ఉల్లిపాయలు. రిబావే దాటాక కాళ్ళు కట్టిన కోళ్ళు. కొనేవాళ్ళు తినడానికి కొనడం లేదు. మా ఎదురు సీటావిడ ఎక్కినప్పుడు ఆమె చేతిలో ఖాళీ గోనెలు మడతపెట్టి ఉన్నాయి. స్టేషను స్టేషనుకీ ఒక్కో గోనె నిండింది. కిటికీలోంచి డబ్బు కిందికి, సరుకు పైకి, చిల్లర కోసం కింద మనిషి కదిలే రైలు వెంట పరుగు. మధ్యాహ్నానికి నా కాళ్ళ కింద ఉల్లి, నెత్తి మీద సామాన్ల బల్లపై మామిడి, ఒళ్ళో ఎవరిదో పిల్లవాడు. ఆ పిల్లవాణ్ణి నాకిచ్చేటప్పుడు వాళ్ళమ్మ నా మొహం కూడా చూడలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయా లేదా, అంతే చూసింది. నేను కోరుకున్నది ఇదే కదా అనుకున్నాను.

బయట చదునైన నేల మీద ఒక్కొక్కటిగా లేచిన నల్లరాతి గుట్టలు. కొన్నింటి మీద చెట్టన్నది లేదు, వాన జారిన చారలు మాత్రం మెరుస్తున్నాయి. ఒకచోట మా రైలు పక్క పట్టాల మీద ఆగింది. ఎదురుగా బొగ్గు రైలు. పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టి మధ్యలో మానేశాను. పశ్చిమాన మొయాతీజె గనుల్లో తవ్విన బొగ్గు మలావీ భూమి మీదుగా వచ్చి, ఇదే దారిన నకాలా రేవుకి పోతుంది. బ్రెజిల్ కంపెనీ వాలె చేసిన ఏర్పాటు అది. 2022లో గనినీ రైలుదారినీ కలిపి జిందాల్ వర్గానికి చెందిన వల్కన్ కొనేసింది. ఎదురు సీటావిడకి నేను ఇండియా అని ఎవరో చెప్పారు. ఆమె బొగ్గు రైలునీ నన్నూ ఒకసారి మార్చి మార్చి చూసి నవ్వింది.

ఆ నవ్వు నంపులాలో ఇంకా తేటతెల్లమైంది. ఊరి నడిబొడ్డున సామాన్ల దుకాణంలో గొడుగు కొంటుంటే, గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన హిందీలో పలకరించాడు. తాతల కాలంలో డయ్యూ నుంచి వచ్చిన కుటుంబం. “మీది ఏ షాపు?” అన్నాడు. షాపు కాదు, మలావీలో పంతులమ్మని, జీతం లేదు అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, “మరి మీకు తిండి ఎవరు పెడతారు?” అని అడిగాడు. పంపిన సంస్థ అన్నాను. “వాళ్ళకేం లాభం?” అన్నాడు. వెటకారం కాదు, మనిషి మనస్ఫూర్తిగానే అడిగాడు. ఆ ఏడాదిలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నా దగ్గర సూటి జవాబు లేదు. గొడుగు మాత్రం ధర తగ్గించి ఇచ్చాడు. బయట బజారులో ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే కపులానా గుడ్డలు రంగురంగులుగా వేలాడుతున్నాయి. వాటిలో చాలావాటి అంచు మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని అచ్చు. నర్సమ్మ ఒకటి ఎంచి నాకు చూపించి, మీ ఊరి చీర కొనుక్కో అంది.

దీవికి మర్నాడు చాపా అనే వ్యాను ఎక్కాం. నమియాలో, మొనాపో దాటి, లుంబో దగ్గర నేల అయిపోతుంది. అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్ల పైచిలుకు వంతెన, 1960లలో కట్టింది, ఒకేసారి ఒక బండి పోయేంత వెడల్పు. ఎదురుగా ఇంకోటి వస్తే పక్కకి తప్పుకోవడానికి అక్కడక్కడా కాస్త చోటు వదిలారు. దీవి పొడవు మూడు కిలోమీటర్లు, వెడల్పు అరకిలోమీటరు కూడా ఉండదు. వాస్కో డ గామా 1498లో ఇక్కడ ఆగాడు. 1898 దాకా పోర్చుగీసు మొజాంబిక్‌కి ఇదే రాజధాని. 1752 వరకు దీన్ని ఏలింది లిస్బన్ నుంచి నేరుగా కాదు, గోవా నుంచి. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో గోవా అంటే చివర్న స్వాతంత్ర్యం వచ్చిన చిన్న చోటు. ఒకప్పుడు ఆఫ్రికా తీరానికి అదే దొరకచేరీ అని ఈ దీవిలో ఇండియా చెక్కపని కుర్చీల ముందు నిలబడేదాకా నాకు తట్టలేదు.

ఉత్తరాన ఉన్నది రాతి పట్నం. ఎర్ర రంగు వేసిన పాత గవర్నరు భవనం, 1522 నాటి చిన్న ప్రార్థనాలయం, దాని పక్కన సావ్ సెబాస్టియావ్ కోట. ఆ కోట కోసం 1607లోనూ 1608లోనూ డచ్చివాళ్ళు ప్రయత్నించి వెనుదిరిగారు. కోటలో నాకు నచ్చింది ఫిరంగులు కాదు, నీళ్ళ తొట్టి. దీవిలో మంచినీటి ఊట లేదు. అందుకని కోట పైకప్పులూ బురుజులూ అన్నీ వానని పట్టి లోపలి తొట్టిలోకి దింపేలా వాలుగా కట్టారు. ముట్టడిలో ఉన్నవాళ్ళు తాగి బతికింది ఆ నీళ్ళే.

ఆ రాయంతా ఎక్కడిది? దక్షిణాన ఉన్న మకూటి వాడలోది. పగడపు రాయి అక్కడ తవ్వుకుని ఇక్కడ మేడలు కట్టారు. తవ్విన గుంటల్లో పనివాళ్ళు కొబ్బరాకు కప్పుల ఇళ్ళు వేసుకున్నారు. ఈరోజుకీ దీవి జనంలో ఎక్కువమంది ఆ గుంటల్లోనే ఉంటారు. వీధిలో నడుస్తుంటే ఇళ్ళ కప్పులు మన మోకాలి దగ్గర మొదలవుతాయి. తలుపు దగ్గరికి మెట్లు దిగాలి. మా బస ఆ వాడలోనే, ఒకావిడ తన ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తుంది. రెండో రాత్రి వాన పట్టింది. వీధి నీళ్ళన్నీ మెట్ల మీదుగా మా వాకిట్లోకే. ఇంటావిడ, ఆమె కూతురు, మేమిద్దరం ప్లాస్టిక్ డబ్బాలతో ఎత్తిపోస్తూ కూర్చున్నాం. యునెస్కో 1991లో ఈ దీవిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వారసత్వమంటే గైడు చూపించే మేడలే కాదు, ఈ గుంట కూడానని ఆ రాత్రి డబ్బా డబ్బాకీ తెలిసొచ్చింది.

కోటకి దూరంగా సముద్రం వైపు చూస్తూ పోర్చుగీసు మహాకవి కమోయిష్ విగ్రహం ఉంది. ఆయన 1567 నుంచి 1569 వరకు ఈ దీవిలోనే ఇరుక్కుపోయాడు. ఇండియా నుంచి ఇంటికి పోతూ, ఓడ ఖర్చు లేక. చివరికి స్నేహితులు చందాలు వేసుకుని తీసుకుపోయారు. ఆయన మహాకావ్యం 1572లో అచ్చయింది. ఇంకో వైపు, ఇక్కణ్ణుంచి బానిసలుగా మారిషస్‌కీ రియూనియన్‌కీ బ్రెజిల్‌కీ పోయినవాళ్ళ పేరిట ఒక చిన్న స్మారక వనం ఉంది. వాళ్ళకి ఓడ ఖర్చు సమస్య రాలేదు. డయ్యూ నుంచి ఈ దీవికి వ్యాపారం చేసే గుత్త హక్కుని 1686లో పోర్చుగీసు వైస్రాయి మన గుజరాతీ వర్తకులకి ఇచ్చాడు. వాళ్ళు తెచ్చిన నూలుగుడ్డలే ఇక్కడి నాణెం. ఆ గుడ్డతోనే ఏనుగు దంతాలు కొన్నారు, తర్వాత మనుషుల్నీ కొన్నారు. నంపులా పెద్దాయన నన్ను షాపు అమ్మాయి అనుకోవడంలో వింతేమీ లేదు. ఈ తీరానికి ఇండియన్లు వచ్చి మూడు వందల ఏళ్ళు దాటింది, లాభం లేకుండా వచ్చినవాళ్ళని ఇక్కడివాళ్ళు ఎందుకు చూసి ఉంటారు? నా సంచిలో తిరుగు టిక్కెట్టు భద్రంగా ఉంది. ఏడాది పూర్తవగానే విశాఖపట్నంలో నా కాలేజీ, నా కుర్చీ. వాలంటీర్ అన్న మాటకి ఎన్ని నిర్వచనాలున్నా, ఆ టిక్కెట్టు లేనివాళ్ళని ఎవరూ ఆ పేరుతో పిలవరని స్మారక వనం దగ్గర అనిపించింది. నర్సమ్మతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “నేను అక్కడ లేకపోతే ఆ ప్రసూతి వార్డులో రాత్రి డ్యూటీకి ఒక్కరే. టిక్కెట్టు సంగతి ఆ తల్లికెందుకు?” అంది. అదీ నిజమే. వాదన తేలలేదు, ఆకలేసి వెనక్కి వచ్చేశాం.

డిసెంబరు 25 మొజాంబిక్‌లో ‘కుటుంబ దినం’. స్వాతంత్ర్యం తర్వాత క్రిస్మస్ సెలవుకి పెట్టిన పేరు. దీవిలో ఎక్కువమంది ముస్లింలు కాబట్టి ఆ పేరు వాళ్ళకి బాగానే కుదిరింది. ఆవేళ మా ఇంటావిడ పొద్దున్నే మొహానికి ముసీరు రాసుకుంది. ముసీరు అన్నది ఒక చెట్టు కొమ్మ. సానరాయి మీద గంధం తీసినట్టే, చిన్న రాతి పలక మీద నాలుగు నీటిబొట్లు వేసి అరగదీస్తే తెల్లటి ముద్ద వస్తుంది. ఇక్కడి మకువా ఆడవాళ్ళు దాన్ని మొహమంతా పట్టించి అలాగే బజారుకి కూడా పోతారు. నా బుగ్గలకీ రాసింది. ఆరేకొద్దీ చర్మం బిగుసుకుంటుంది, నవ్వితే పగుళ్ళు. భోజనంలో మటాపా. ఒడ్డున దొరికే సిరిసిరి అనే ఉప్పటి ఆకు, కొబ్బరిపాలు, జీడిపప్పు పొడి వేసి చాలాసేపు ఉడికించిన కూర. రొయ్యలు వేయకుండా నా వాటా విడిగా తీసింది.

జీడిపప్పు దగ్గరే అసలు కథ మొదలైంది. భోజనాలయ్యాక ఆమె పెరట్లో ఒక రేకు డబ్బాలో పచ్చి పిక్కలు పోసి మంట మీద పెట్టింది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ జీడి కాలం. పిక్కల్లోంచి నూనె ఊరి భగ్గుమని అంటుకుంది, నల్లటి పొగ, ముక్కు మండే ఘాటు. ఆ వాసన నాకు బాగా తెలుసు. మా మేనత్త పలాసలో జీడి ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. ఆమె గోళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, పండగ రోజు కూడా. ఇంటావిడ మంట మీద ఇసుక చల్లి ఆర్పి, మాడిన పిక్కల్ని చల్లారబెట్టి, రాయితో ఒక్కొక్కటీ కొడుతోంది. నేనూ కూర్చున్నాను. వంపు వైపు నిలబెట్టి అంచు మీద ఒక్క దెబ్బ కొడితే పప్పు విరగదు, ఆ ఒడుపు చిన్నప్పుడు అత్త దగ్గర చూసిందే. గుండ్లు గుండ్లుగా నా ముందు పోగుపడుతుంటే ఇంటావిడ కొట్టడం ఆపి, నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. టీచర్ని అని చెప్పినప్పుడు తలూపి ఊరుకున్న మనిషి, ఇప్పుడు గోడ అవతలి ఆడవాళ్ళని కేకేసి పిలిచింది.

వాళ్ళలో ఒక ముసలావిడ ఒకప్పుడు ఫ్యాక్టరీలో పప్పు వలిచిందట. ఇంటావిడ కూతురు స్కూల్లో ఇంగ్లీషు చదువుతోంది, మాకు ఆ పిల్లే దుబాసి. 1970ల మొదట్లో ప్రపంచంలో జీడిపిక్కలు ఎక్కువగా పండింది మొజాంబిక్‌లోనే. 1990లలో ప్రపంచ బ్యాంకు షరతు మీద ముడిపిక్కల ఎగుమతి పన్ను తగ్గించారు. పిక్కలు ఒలవకుండానే ఓడెక్కి ఇండియాకి వచ్చేశాయి. ఇక్కడి ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి, వేలాదిమంది ఇళ్ళకి పోయారు, వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. ఆర్థికశాస్త్రం పాఠాల్లో ఈ ఉదాహరణ చెప్తారు. ముసలావిడ మాత్రం ఒక్కటే అడిగింది. “ఆ పని ఇప్పుడు మీ ఊళ్ళో ఎవరు చేస్తున్నారు?”

మా అత్తకి ఫోన్ చేశాను. మాకు మధ్యాహ్నం నాలుగు, పలాసలో ఏడున్నర, అత్త షిఫ్టు దిగి ఉంటుంది. స్పీకరు పెట్టాను. ఇంతమంది ఎవరే అంటే, నీలాగా పిక్కలు ఒలిచేవాళ్ళే అని చెప్పాను. వాళ్ళు మకువాలో అడగడం, పిల్ల ఇంగ్లీషులోకి తేవడం, నేను తెలుగులోకి దింపడం. కూలీ రోజుకా, కిలోకా? కిలోకే. విరిగితే కోస్తారా? కోస్తారు, బద్దకో రేటు, ముక్కకో రేటు. చేతులకేం రాసుకుంటారు? నూనె. అక్కడా విరిగితే కోస్తారు అని తెలియగానే ముసలావిడ తొడ చరిచి నవ్వింది. కొంతసేపటికి ఇద్దరూ నా కోసం ఆగడం మానేసి మీదమీద మాట్లాడేసుకుంటున్నారు, నేను ఎవరి వెనక పరిగెత్తాలో తెలియక అవస్థపడ్డాను.

“ఒకసారి ఆ పిక్క సూపించే,” అంది అత్త. వీడియో పెట్టి, అరచేతిలో ఒక పచ్చి పిక్క దగ్గరగా చూపించాను.

“ఇదేటే, ఇది మాకు తెల్దేటి? బస్తాల్లో వస్తాది. సన్నపిక్క, పొట్టు ఒక పట్టాన ఊడదు. దీంతో మా పేణాలు పోతన్నాయి. ఉద్దానం పిక్కయితే ఇట్టే వలిచీవచ్చు. ఎండబెట్టకుండా బస్తా కట్టీకండని ఆలతో సెప్పు.”

చెప్పాను. పిల్ల తర్జుమా చేసింది. ముసలావిడ లేచి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, దాని మొహంలోకి మొహం పెట్టి గట్టిగా ఏదో అంది. పిల్ల నోరు మూసుకుని నవ్వుతూ ఇంగ్లీషులోకి తెచ్చింది. “ఎండబెట్టేదాకా వ్యాపారి ఆగితే కదా! నువ్వే వాడికి చెప్పు.”

“ఎవులికి సెప్పాలి?” అంది అత్త. “మా సేటు కూడా అంతే గదా!”